చల్లగానే ఉంది

ఆ ఇంట్లో ఫ్రిజ్ చల్లబడదు. ఆ సంగతి ఇంట్లో ఉండే నలుగురిలో ముగ్గురికి తెలుసు. తెలియని నాలుగో మనిషి ఊళ్లో వాళ్లందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మెకానిక్. అతనికి చెప్పే ధైర్యం మిగతా ముగ్గురిలో ఎవరికీ లేదు.

నవ్వొస్తే నవ్వుకోండి, తప్పులేదు. వీధిలో వాళ్లకి తెలిసుంటే వాళ్లూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో మెకానిక్ భార్య ఎడమచెయ్యి చూస్తే తెలుస్తుంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ కణుపు దగ్గర వంకర తిరిగి ఉంటాయి. గిన్నె పట్టుకుంటే ఆ రెండు వేళ్లూ పనికి రాకుండా పక్కకి నిలబడిపోతాయి.

మూడు చచ్చిన ఫ్రిజ్‌లలోంచి ఒక బతికిన ఫ్రిజ్ తీశానని మెకానిక్ చెప్పుకునేవాడు. ఒకదాని పెట్టె, ఇంకొకదాని మోటారు, మూడోదాని తలుపూ అరలూ తెచ్చి, పదిరోజులు వంటింట్లోనే కూర్చుని అతికించాడు. గ్యాసు తనే నింపాడు, రంగు తనే వేశాడు. నిజం చెప్పాలంటే మొదటి వారం అది బాగానే పనిచేసింది. ఆ వారమంతా అతను నేల మీద నిలవలేదు. కనిపించినవాడినల్లా ఇంటికి లాక్కొచ్చి, తలుపు తీసి, "చెయ్యి పెట్టి చూడు" అనేవాడు. వచ్చినవాళ్లు చెయ్యి లోపల పెట్టి, పది లెక్కపెట్టి, "అబ్బ, చల్లగా ఉంది" అనాలి. అన్నాకే వాళ్లకి టీ.

ఎనిమిదో రోజున పాలు విరిగాయి. అతని తల్లి ఆ మాట అంటే, నువ్వే బయట మరిచిపోయి ఉంటావని కసిరాడు. మర్నాడు మళ్లీ విరిగాయి. ఈసారి భార్య అంది, గ్యాసు ఒకసారి చూస్తారా అని, మెత్తగానే, చెయ్యి తుడుచుకుంటూ. అతను ఆమె ఎడమచెయ్యి పట్టుకుని ఫ్రిజ్ లోపల పెట్టి, చల్లగా ఉందా లేదా చెప్పమన్నాడు. ఆమెకి అప్పటికి బుద్ధి రాలేదు, అంతగా లేదండీ అంది. అతను తలుపుని ఆ చేతి మీదే మూసి మోకాలు అడ్డం పెట్టాడు. మళ్లీ అడిగాడు. ఏదో విరిగిన చప్పుడైంది. మూడోసారి అడిగినప్పుడు, "ఉందండీ. చల్లగానే ఉంది" అని ఆమె అరిచింది. అప్పుడు తలుపు తీశాడు.

ఆ వెంటనే అతనే వీధి చివరి కొట్టుకి పరుగెత్తి ఐస్ ముక్కలు కొనుక్కొచ్చాడు. గుడ్డలో కట్టి ఆమె వేళ్ల మీద పెట్టాడు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. ఇంట్లో అంత గొప్ప ఫ్రిజ్ పెట్టుకుని ఐస్ కోసం కొట్టుకి ఎందుకు పరుగెత్తాడో అతనికి తట్టనే లేదు. గుమ్మంలో వాళ్ల కూతురు నిలబడి ఇదంతా చూసింది. దానికి అప్పుడు ఆరేళ్లు. తిండి కొంచెం కొంచెంగా ఏరుకుని తింటుందని దాన్ని అందరూ పిచ్చుక అని పిలుస్తారు.

ఇక మెకానిక్ భార్య సంగతి. రెండు వీధుల అవతల ఉన్న ఆసుపత్రి వంటగదిలో ఆమె వంటమనిషి. తొమ్మిదేళ్ల సర్వీసు. అక్కడ తిండి అంటే భక్తి కాదు, భయం. రోగుల నోట్లోకి వెళ్లేది కాబట్టి ప్రతి గిన్నెలోనూ పొడుగాటి సూది గుచ్చి వేడి చూస్తారు. వేడిది వేడిగా ఉండాలి, చల్లనిది ఐదు డిగ్రీల లోపే ఉండాలి. మధ్యలో రెండు గంటలు ఉందంటే ఎంత మంచి వంటైనా చెత్తడబ్బాలోకి పోవలసిందే. పచ్చిమాంసం కోసే పలక వేరు, కూరగాయలు తరిగే పలక వేరు. మాంసం ముట్టుకున్న చేత్తో కుళాయి తిప్పినా పెద్ద వంటామె కసురుతుంది. ఫ్రీజర్లో పెట్టే ప్రతి డబ్బా మీదా తేదీ, గంట, పెట్టిన మనిషి పొడి అక్షరాలు రాసి కాగితం అంటించాలి. అంటించనిది ఎవరిదైనా సరే పారేస్తారు.

పగలంతా ఆ వంటగదిలో ఉండి సాయంత్రం ఈ వంటింట్లోకి వస్తే ఆమెకి పైప్రాణాలు పైనే పోయేవి. దొంగతనంగా ఒక చిన్న థర్మామీటరు తెచ్చి ఫ్రిజ్ లోపల వెనక గోడకి వేలాడదీసింది. పద్నాలుగు డిగ్రీలు చూపించింది. ఆ రోజు నుంచి ఆమె ఒక నాటకం మొదలుపెట్టింది. ఏడాదిపాటు ఒక్క పూట కూడా తప్పకుండా ఆడింది. ఇంకెవరివల్లా అయ్యేది కాదు.

ఆసుపత్రి ఫ్రీజర్లో లీటరు సీసాలు రెండు నీళ్లు నింపి గడ్డకట్టించేది. సాయంత్రం వాటిని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని తెచ్చి, ఫ్రిజ్ కింది అరలో అన్నిటికన్నా వెనక్కి నెట్టేది. కరిగిన పాత సీసాలు మర్నాడు పట్టుకెళ్లేది. దాంతో మెకానిక్ తలుపు తీసినప్పుడల్లా మొహానికి చల్లగాలి తగిలేది. పాలు పూటకి సరిపడా మాత్రమే కొనేది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, మిగిలిన కూర అతని కళ్లముందే గిన్నెలో పెట్టి లోపల దాచేది. తెల్లవారుజామున అతను గుర్రుపెడుతుండగా లేచి ఆ కూరని సంచిలో పోసి ముడి వేసేది. అదే కూర, అంతే కొలత, అదే గిన్నెలో మళ్లీ వండి, చన్నీళ్లలో చల్లార్చి, అదే చోట పెట్టేది. మధ్యాహ్నం అతను నిన్నటి కూర అనుకుంటూ పొద్దుటి కూర తిని, చూశావా ఎంత తాజాగా ఉందో అని మురిసిపోయేవాడు. ఆమె తలూపేది. పాత కూర ఉన్న సంచి అప్పటికే ఆసుపత్రి చెత్తడబ్బాలో ఉండేది.

అత్తగారు ఈ నాటకంలో ఏ వేషమూ వెయ్యలేదు. నాకు అరగదమ్మా అని ఒక్క మాట పట్టుకుని, మంచం కింద రేకు డబ్బాలో రొట్టె దాచుకుని అదే తినేది. ఫ్రిజ్‌లోది ఏదీ ముట్టుకునేది కాదు. కొడుకు అడిగితే నీ ఫ్రిజ్‌కేం నాయనా, బంగారం అనేది. ఆవిడ మొగుడూ ఇలాంటివాడేనని, కొడుకుకి ఆ చెయ్యి చేసుకునే గుణం ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకి బాగా తెలుసనీ కోడలికి తెలుసు. కానీ దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పిచ్చుకకి మాత్రం తల్లి దగ్గరుండి నేర్పించింది. అమ్మ ఇవ్వనిది ఏదీ ఫ్రిజ్‌లోంచి తీసుకుని తినకూడదు. నాన్న అడిగితే చల్లగానే ఉంది నాన్నా అనాలి. ఎవరైనా వస్తే అలాగే అనాలి. బళ్లో అడిగినా అలాగే అనాలి. పిచ్చుక తెలివైన పిల్ల. ఒక్కసారి చెప్తే చాలు, మళ్లీ చెప్పించుకోలేదు. కొన్నాళ్లకి అడగకపోయినా అనడం మొదలుపెట్టింది. తండ్రి మొహం ముడుచుకుని ఇంట్లోకి వస్తే చాలు, వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి పెట్టి, "చల్లగానే ఉంది నాన్నా" అనేది. అతని మొహం విప్పారేది. ఆ పూటకి గండం గడిచిందని తల్లి ఊపిరి పీల్చుకునేది. నా కూతురు ఎంత జాగ్రత్తపరురాలో అని లోలోపల గర్వపడేది కూడా. పిచ్చిది.

అలా ఏడాది గడిచింది. పిల్లకి ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదు. ఆమెకి కావలసిందల్లా అదే. తనని కొడితే కొట్టాడు, వేళ్లు పోతే పోయాయి. ఆ పెట్టెలోది ఒక్క మెతుకు కూడా పిల్ల కడుపులోకి పోకూడదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చి కోడికూర వండింది. సగం మిగిలితే ఎప్పటిలాగే లోపల పెట్టింది. సాయంత్రం సీసాలు తెచ్చి వెనక సర్దింది. శనివారం తెల్లవారకముందే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఇద్దరు వంటమనుషులు రాలేదట, ఆమె వెంటనే రావాలట. కూర మార్చే వ్యవధి లేకపోయింది. రెండు షిఫ్టులూ చేసి చీకటి పడ్డాక ఇంటికొచ్చింది. సీసాలు తేవడం మరిచిపోయింది. మెకానిక్ ఆ రోజంతా బయటే తిన్నాడు, పిల్లా ముసలావిడా రొట్టె తిన్నారు. పొద్దున్నే పారేద్దాం లెమ్మనుకుని ఆమె మంచం మీద అలాగే పడిపోయింది. ఏడాదిలో అదొక్కటే ఆమె చేసిన తప్పు.

ఆదివారం మెకానిక్ ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నవాడు ఊరికే ఉండకుండా పనిముట్ల పెట్టె వంటింట్లోకి తెచ్చుకుని, ఎవరిదో మిక్సీ విప్పుకుని నేల మీద కూర్చున్నాడు. ఆమె కూరగిన్నె వైపు చెయ్యి చాపే వీలే దొరకలేదు. కూరగాయలు ముందేసుకుని తరుగుతూ, ఇతను ఒక్క ఐదు నిమిషాలు బయటికి వెళ్తే బాగుండునని కనిపెట్టుకుని ఉంది. బయట ఎండ మండిపోతోంది. మిట్టమధ్యాహ్నం వేళ అతను లేచి చేతులు తుడుచుకుని మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు.

సీసా ఎత్తి ఒక గుక్క తాగి ఆగిపోయాడు. రెండో గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి తొట్టిలో ఉమ్మాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని అరల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కత్తి కింద పెట్టింది. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదని ఆమెకి తెలిసిపోయింది.

కరిగిపోయిన సీసాలు రెండూ బయటికొచ్చాయి. వాటి మీద కాగితాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. తొమ్మిదేళ్ల అలవాటు, ఇంటికి తెచ్చేవి కదా అని కూడా మానలేకపోయింది. అతను పైకి చదివాడు. శుక్రవారం, పొద్దున్న ఏడున్నర, కింద ఆమె పొడి అక్షరాలు. ఇంకా లోపలికి చెయ్యి పెట్టి తడిమి థర్మామీటరు ఊడబీకాడు. అది పదహారు చూపిస్తోంది.

ఆ అంకె అర్థం కానివాడైతే అంత దూరం వచ్చేది కాదేమో. మెకానిక్‌కి అర్థమైంది. ఎవరింటికి వెళ్లినా అతను మొదట చేసే పని ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టడమే. ఒక్క తన ఇంట్లోనే ఎప్పుడూ పెట్టలేదు. పదహారంటే ఏమిటో, ఆ సీసాలు ఏడాదిగా ఏం చేస్తున్నాయో, తను పిలుచుకొచ్చిన వాళ్లంతా దేని ముందు చెయ్యి పెట్టి అబ్బ అన్నారో, అంతా ఒక్క క్షణంలో అతని మొహంలోకి వచ్చింది. ఆమె అది చూసింది. ఒక్క క్షణం, ఇప్పుడు ఏడుస్తాడేమో అనుకుంది. ఏడిస్తే బతికిపోయేవాళ్లు.

అతను థర్మామీటరు నేల మీద పడేసి మడమతో నలిపాడు. లేచి వచ్చి ఆమె చెంప మీద కొట్టాడు. లేస్తూ అందుకున్న నీళ్ల సీసా చేతిలో ఉంది, దాంతోనే కొట్టాడు. ఆమె తొట్టి అంచుకి తగులుకుని నిలదొక్కుకుంది. పెదవి చిట్లి నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఇంకోసారి కొట్టాడు. అలికిడికి గుమ్మంలోకి వచ్చిన తల్లిని అడిగాడు, నీకూ తెలుసా అని. ముసలావిడ కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసి, నాకేం తెలుసురా, నాకు అరగదు, నేనసలు తిననే తినను అంటూ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

అప్పుడతను కూతుర్ని పిలిచాడు. గొంతు చాలా ముద్దుగా పెట్టి పిలిచాడు. పిచ్చుక వచ్చి తల్లి మొహం చూసింది, నేల మీద గాజుముక్కలు చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే వెళ్లి ఫ్రిజ్ లోపల చెయ్యి పెట్టింది.

"చల్లగానే ఉంది నాన్నా."

"విన్నావా?" అన్నాడతను భార్యతో. "పిల్ల అబద్ధం చెప్పదు."

కూరగిన్నె తీసి మూత తెరిచి వాసన చూశాడు. వాసన లేదు. ఆమెకి తెలుసు, ఉండదని. రంగూ మారలేదు, నురగా లేదు. ముక్కుకి అందే కుళ్లుకన్నా అందనిదే ఎక్కువ ప్రమాదమని పెద్ద వంటామె నెలకోసారి చెప్తుంది. అతను పొయ్యి వెలిగించి గిన్నె పెట్టాడు. కూర తుకతుక ఉడికేదాకా గరిటెతో తిప్పాడు. ఏ పురుగున్నా ఈ వేడికి చచ్చి ఊరుకుంటుందని పాఠం చెప్తున్నట్టు చెప్పాడు. తర్వాత పళ్లెంలో అన్నం పెట్టి, కూర వేసి, ముక్కలు ఏరి మరీ వేసి, పిల్ల ముందు పెట్టాడు.

అప్పటిదాకా ఆమెకి దెబ్బల భయం తప్ప వేరే ఏదీ లేదు. పళ్లెం చూడగానే ఆ భయం ఎటు పోయిందో పోయింది, దాని చోట ఇంకో పెద్ద భయం వచ్చి కూర్చుంది. అతని కాళ్లు పట్టుకుంది. ఉడికిస్తే పురుగులు చస్తాయి గాని అవి కక్కిన విషం చావదండీ, అలాగే ఉంటుందండీ, రెండు రోజుల కూరండీ అని బతిమాలింది. కావాలంటే నేను తింటాను, ఆ గిన్నెడూ నేనే తింటాను, పిల్లకి వద్దు అంది.

"నువ్వు తింటావు, తిని కావాలని కక్కుతావు," అన్నాడతను. "నీ నాటకాలు ఇవాళ చూశాను. పిల్లకి నాటకాలు రావు. నా ఫ్రిజ్‌లో పెట్టింది నా కూతురు తింటుంది."

తనే తిని చూపించవచ్చని అతనికి తట్టలేదనుకోవద్దు. తట్టింది. ఒకసారి చెంచా ఎత్తాడు కూడా. మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఆ పదహారు అతని కడుపుకి తెలుసు, నోటికే తెలియదు. అలాంటి మగవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెంచా పిల్ల నోటి దగ్గరికి వెళ్లేలోపు ఆమె లేచి పళ్లేన్ని చేత్తో కొట్టింది. అది గోడకి తగిలి అన్నమూ కూరా చెల్లాచెదురై పడ్డాయి. మెకానిక్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. వెనక్కి లాగి, తల ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. రేకు సొట్టపడింది. రెండోసారి కొట్టినప్పుడు నుదురు చీరింది, రక్తం కంట్లోకి కారింది. చల్లగా ఉందా అని అడిగాడు. ఆమె లేదు అంది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అడిగాడు. లేదు అంది. ఇన్నాళ్లూ అతను ఏమనమంటే అది అన్న మనిషి ఆ పూట ఎందుకు మొండికేసిందో ఆమెకే తెలియలేదు. అన్నకొద్దీ ఆమెకి తేలిగ్గా ఉంది. చంపితే చంపనీ, అన్నం నేలపాలైంది, పిల్ల తినలేదు, అంతే చాలనుకుంది.

గిన్నెలో ఇంకా కూర ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది.

"నాన్నా, చూడు," అన్న గొంతు వినిపించింది. "నేను తింటున్నా. బాగుంది. అమ్మని వదిలెయ్."

పిచ్చుక పొయ్యి దగ్గర పీట వేసుకుని నిలబడి ఉంది. గరిటెతోనే తింటోంది. కూర కాలిపోతోంది, నోరు ఊదుకుంటోంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా మింగుతోంది. రోజూ అన్నం మెతుకులు ఏరుకుని గంటసేపు తినే పిల్ల ఇప్పుడు ఎవరో తరుముతున్నట్టు మింగుతోంది. మధ్యలో నవ్వుతోంది కూడా, తండ్రికి కనబడేలా. "చల్లగానే ఉంది నాన్నా. పాడవలేదు. నిజంగా."

మెకానిక్ జుట్టు వదిలేశాడు. ఆమె నేల మీద కూలబడింది. అతను రొప్పుతూ నిలబడి కూతుర్ని చూశాడు. అతని మొహం విప్పారడం మొదలుపెట్టింది. సరిగ్గా ఎప్పటిలాగే.

"అదీ నా తల్లి అంటే," అన్నాడు. "ఇంకో ముక్క తిను."

పనిముట్ల పెట్టె ఆమె చేతికి దగ్గర్లోనే ఉంది. అందులోంచి పైపులు బిగించే పెద్ద రెంచి తీసింది. బరువుగా ఉంది. ఎడమచేతి వేళ్లు ముడుచుకోవు కాబట్టి కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమ అరచేయి కింద ఆనించింది. లేవలేదు, కూర్చున్నచోటి నుంచే అతని మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది. అతను అరుపు కూడా లేకుండా ఒరిగిపోయి, చెయ్యి ఊతం పెట్టి లేవబోయాడు. ఆ చెయ్యి మీద కొట్టింది. భుజం మీద కొట్టింది. అప్పుడు అరిచాడు. ఆమెకి ఆ అరుపు హాయిగా అనిపించింది, దాచడం ఎందుకు. నాలుగోసారి తల మీదికి ఎత్తింది. పిల్ల చేతిలోంచి గరిటె జారి నేల మీద పడింది. ఆ చప్పుడుకి ఆమె చెయ్యి ఆగింది.

పదేళ్ల కాపురంలో మొదటిసారి ఆమె అతన్ని నువ్వు అంది.

"ఫ్రిజ్ చల్లబడదు. నువ్వు దాన్ని బాగుచెయ్యలేకపోయావు. అంతే. ఇంత చిన్న మాటకి నా పిల్లకి విషం పెట్టించావు."

అతను నేల మీద ముడుచుకుని ఏదో గొణిగాడు. ఆమె వినలేదు. పిల్లని చంకనేసుకుంది. పక్కగది గడియ తీసిన చప్పుడైంది. ముసలావిడ గుమ్మంలో నిలబడి కొడుకుని చూసింది, గోడ మీద కూర చూసింది, పొయ్యి మీద ఖాళీ అయిన గిన్నె చూసింది. పిల్ల మూతికి అంటుకున్నది చూశాక ఆవిడ మొహం పాలిపోయింది.

"పిల్లని తీసుకెళ్లు అమ్మాయ్," అంది. "వీడి దగ్గర నేనుంటాను. నువ్వు పద."

ఆసుపత్రి రెండు వీధులే. ఎండలో పిల్లని ఎత్తుకుని పరుగెత్తింది. ఎప్పుడూ వెళ్లే వంటగది తలుపు దాటి, ముందువైపు తలుపులోంచి లోపలికి వెళ్లింది. గుమ్మం దగ్గర కూర్చునే కాపలామనిషి ఆమె నుదుటి రక్తం చూసి, నువ్వేంటమ్మా ఇటు అంటూ లేచి దారిచ్చాడు. పాడైన తిండి తిందని మాత్రం చెప్పి బల్ల మీద పడుకోబెట్టేసరికి పిల్ల బాగానే ఉంది. గంటన్నర దాకా బాగానే ఉంది. నాకేం కాలేదమ్మా, ఇంటికెళ్దాం, నాన్న కోప్పడతాడు అంటూనే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా మొహం తెల్లబడి, లేచి కూర్చుని కక్కుకుంది. ఆ మొదలు ఇక ఆగలేదు. కడుపులో ఏమీ మిగలక పసరు వచ్చేదాకా కక్కింది. ఒళ్లంతా చెమట పట్టి, చేతులు చల్లబడి, కళ్లు లోపలికి పోయాయి. రెండు గంటల కిందట గరిటె పట్టుకుని నవ్విన పిల్లేనా ఇది అనిపించింది తల్లికి. తొమ్మిదేళ్లుగా ఆ రోగుల కోసం గిన్నెలో సూది గుచ్చి చూసిన మనిషి, తన కూతురి చేతికి సూది గుచ్చుతుంటే చూడలేక గోడకేసి తిరిగింది.

డాక్టరమ్మ సెలైను పెట్టించి, బొట్లు సరిచేసి, బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ రాత్రి గడవనీ, ఇప్పుడే ఏమీ చెప్పలేను అంది. ఏం తింది, ఎప్పుడు తింది, ఎంత తింది సరిగ్గా తెలిస్తే మందు సరిగ్గా ఇవ్వగలనంది. ముందు పిల్లనే అడిగింది.

"ఏం తిన్నావు తల్లీ?"

పిచ్చుక కళ్లు తెరిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏం తినలేదు ఆంటీ. అమ్మ కాలు జారి పడింది. మా ఇంట్లో ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది. మా నాన్నే చేశాడు."

డాక్టరమ్మ తలెత్తి తల్లి వైపు చూసింది. అక్కడ ఫ్రిజ్ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

తల్లికి మెకానిక్ సీసాతో కొట్టినప్పుడు గాని, తల రేకుకేసి బాదినప్పుడు గాని ఇంత నొప్పి పుట్టలేదు. ఆ మాటలు అతను నేర్పినవి కావు. పక్కన కూర్చోబెట్టుకుని, జుట్టు దువ్వుతూ, ముద్దలు పెడుతూ, ఒక్కొక్కటే తను నేర్పినవి. ఫ్రిజ్‌లోది పిల్ల కడుపులోకి పోకుండా ఏడాదిపాటు కాపలా కాసింది సరే. తండ్రి మొహం విప్పారడానికి ఏదైనా చెయ్యాలన్నది మాత్రం తనే దగ్గరుండి తినిపించింది. ఇవాళ పిల్ల చేసింది అదే, ఎక్కడా తప్పు పోకుండా. ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే పిల్ల భయపడుతుందని అరవలేదు.

చెప్పబోయి నోరు తెరిచింది. పిచ్చుక సూది ఉన్న చెయ్యే ఎత్తి, గొట్టం లాగుతున్నా లెక్కచెయ్యకుండా, తల్లి నోటికి అడ్డం పెట్టింది. అరచెయ్యి మంచులా ఉంది.

"చెప్పకమ్మా," అంది గుసగుసగా. "నేను తినేస్తాగా. రోజూ తినేస్తాను."

తల్లి ఆ చేతిని మెల్లగా పట్టుకుని తన నోటి మీంచి తీసింది. వదల్లేదు, రెండు చేతుల్లో పెట్టుకుంది. వంటగదిలో పెద్ద వంటామెకి లెక్క అప్పజెప్పేటప్పుడు ఎలా చెప్తుందో అలాగే డాక్టరమ్మకి చెప్పింది.

"శుక్రవారం మధ్యాహ్నం వండిన కోడికూర అండీ. నలభై ఎనిమిది గంటలైంది. మొదటి రోజు పక్కన ఐస్ ఉంది, రెండో రోజు లేదు. ఇవాళ తీసేసరికి పదహారు డిగ్రీలు. మళ్లీ ఉడికించి తినిపించాడు. ఒంటిగంటకి తింది, అయిదారు గరిటెలు తింది. తినిపించింది నా భర్త. ఈ గాయం కూడా అతనే చేశాడు. అతన్ని నేను రెంచితో కొట్టి వచ్చాను. ఫ్రిజ్ పాడై ఏడాదైంది."

డాక్టరమ్మ అంతా రాసుకుంది. రాసుకుని, ఎవరికో ఫోన్ చెయ్యడానికి లేచింది. తల్లి వంగి పిల్ల నుదుటి మీద చెమట తుడిచింది. పిచ్చుక ఆమె వైపు చూడలేదు. కక్కి కక్కి నీరసించిన కళ్లతో తలుపు వైపే చూస్తూ, తండ్రి వస్తే ఏం చెప్పాలో పెదవులతో కూడబలుక్కుంటోంది.